చిన్న షాపు, సొంత వృత్తి: లెక్కలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను వరుసగా చూసుకునే పద్ధతి

షాపు పెట్టి ఏడాది దాటినవారు, ఇంటి నుంచే సొంతంగా పని చేసుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న "జీఎస్టీ తీసుకోవాలా, వద్దా?" అన్నది. జవాబు చెప్పే ముందు పోయిన నెల అమ్మకం ఎంతో చెప్పమంటే, చాలామంది ఫోన్ తీసి యూపీఐ యాప్‌లో కనిపించే మొత్తం చూపిస్తారు. అది అమ్మకం కాదు. అందులో బావమరిది పంపిన చేబదులు ఉంటుంది, చిట్టీ పాడిన డబ్బు ఉంటుంది. నగదుకు అమ్మినది, అరువుకు ఇచ్చినది మాత్రం ఉండవు.

రిజిస్ట్రేషన్ అవసరమా, ఏ పథకం మేలు, ఆదాయపు పన్ను ఎంత, బ్యాంకు ఎంత రుణం ఇస్తుంది అన్న నాలుగింటికీ ఆ ఒక్క అంకే ఆధారం. అందుకే ఈ మార్గదర్శి ఆ అంకెను రాబట్టే పనితో మొదలవుతుంది. ఉదాహరణగా మండల కేంద్రంలో ఉన్న ఒక మోటారు వైండింగ్ షాపును తీసుకున్నాను. అక్కడ వైరు, బేరింగులు, కెపాసిటర్లు అమ్ముతారు. రైతుల మోటార్లకు వైండింగ్ చేసి కూలీ తీసుకుంటారు. సరుకు, సేవ రెండూ ఉన్న షాపు కాబట్టి చిక్కులన్నీ ఇందులోనే కనిపిస్తాయి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మొదటి పని షాపు డబ్బును ఇంటి డబ్బు నుంచి వేరు చేయడం. షాపు పేరిట బ్యాంకులో కరెంటు ఖాతా తెరిచి, కౌంటరు మీది క్యూఆర్ కోడ్‌ను ఆ ఖాతాకే కలపాలి. ఇంటి ఖర్చుకు డబ్బు కావాలంటే ఆ ఖాతా నుంచి సొంత ఖాతాకు ఒకేసారి పంపుకుని, దానిని "సొంత వాడకం" అని రాయాలి.

ఇది కేవలం శుభ్రత కోసం చెప్పే మాట కాదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, ఖాతాలో పడిన డబ్బులో అమ్మకం ఏది, అప్పు ఏది, ఇంట్లోవాళ్లు పంపినది ఏది అని చూపడమే వారికి అసలు కష్టమైంది.

దగ్గర ఉంచుకోవలసినవి:
- పాన్, ఆధార్, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు
- షాపు అద్దె ఒప్పందం, యజమాని పేరిట ఉన్న కరెంటు బిల్లు. సొంత స్థలమైతే ఆస్తి పన్ను రసీదు
- ఒక చిట్టా పుస్తకం (రోజు లెక్క రాసేది), ఒక ఆవర్జా (ఒక్కొక్కరి ఖాతాకు ఒక్కో పేజీ ఉండేది), వరుస నంబర్లు అచ్చయిన బిల్లు పుస్తకం; లేదా వీటన్నిటికీ బదులుగా ఒక లెక్కల సాఫ్ట్‌వేర్
- కొనుగోలు బిల్లులకు ఒక ఫైలు, ఖర్చు రసీదులకు మరొక ఫైలు
- సంవత్సరం మొదటి రోజున ఉన్న సరుకు, నగదు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీల జాబితా

పుస్తకమా, సాఫ్ట్‌వేరా అన్న మీమాంసలో నెలలు గడపవద్దు. రోజూ రాసే పుస్తకం, వారానికొకసారి తెరిచే సాఫ్ట్‌వేర్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

2. రోజు లెక్క: చిట్టా రాసే పద్ధతి

షట్టరు దించే ముందు పది నిమిషాల పని ఇది. ఈ పని జరిగితే మిగిలిన అంచెలన్నీ సులువవుతాయి. జరగకపోతే ఏ ఆడిటరూ మీ లెక్కను నిజంగా సరిచేయలేరు, అంచనా వేయగలరంతే. ఒక రోజు పేజీ ఇలా ఉంటుంది.

నగదు జమ:
- ప్రారంభ నిల్వ 3,400
- సరుకు అమ్మకం 4,250
- వైండింగ్ కూలీ 1,800
- పాత బాకీ వసూలు 2,000
- మొత్తం 11,450

నగదు ఖర్చు:
- రాగి వైరు కొనుగోలు 3,600
- ఆటో బాడుగ 250
- టీ, టిఫిను 90
- సొంత వాడకం 1,500
- బ్యాంకులో కట్టినది 3,000
- మొత్తం 8,440

మిగలవలసిన నగదు 3,010. గల్లాపెట్టెలో లెక్కపెడితే 2,810 ఉంది. తేడా 200. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏమిటంటే ఏదో ఒక ఖర్చును 200 పెంచి రాసి లెక్క సరిపెట్టడం. అలా చేయకూడదు. "తేడా 200 తక్కువ" అని ఆ పేజీలోనే రాసి, మరుసటి రోజు ప్రారంభ నిల్వను 2,810గా తీసుకోవాలి. నెలలో ఇలాంటి తేడాలు ఏ రోజుల్లో వస్తున్నాయో చూస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. సాధారణంగా అది కుర్రవాడికి ఇచ్చిన అడ్వాన్సో, రాయడం మరచిన చిన్న కొనుగోలో అయి ఉంటుంది.

అదే పేజీ కింద మరో రెండు వరుసలు రాయాలి: యూపీఐ అమ్మకం 6,700, అరువు అమ్మకం 2,400. అప్పుడు ఆ రోజు అమ్మకం 4,250, 1,800, 6,700, 2,400 కలిపి 15,150 అవుతుంది. పాత బాకీ వసూలైన 2,000 ఇందులో చేరదు; అది అరువు ఇచ్చిన రోజునే అమ్మకంగా లెక్కకు వచ్చింది. దీనిని మళ్లీ కలిపితే ఒకే సరుకు మీద రెండుసార్లు పన్ను కట్టినట్లవుతుంది. అరువు అమ్మకాన్ని అసలే రాయకపోతే అమ్మకం దాచినట్లవుతుంది. ఈ రెండు పొరపాట్లూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

రోజు ముగించే ముందు చూసుకోవలసినవి:
- ప్రతి పద్దుకు ఒక బిల్లు నంబరో, రసీదో ఉందా?
- సరుకు అమ్మకం, కూలీ విడివిడిగా రాశారా?
- ఇంటికి తీసుకెళ్లిన డబ్బు ఖర్చుల్లో కాక సొంత వాడకంలో పడిందా?
- అరువు ఇచ్చిన వ్యక్తి పేజీలో ఆవర్జాలో పద్దు పడిందా?

3. నెలాఖరున సరిపోల్చుకోవడం

నెల ముగిసిన మూడు రోజుల్లోపు బ్యాంకు స్టేట్‌మెంటును చిట్టాతో ఒక్కొక్క వరుసగా పోల్చాలి. బ్యాంకులో ఉండి చిట్టాలో లేనివి సాధారణంగా బ్యాంకు చార్జీలు, వడ్డీ, ఈఎంఐ, పొరపాటున షాపు ఖాతాలో పడిన సొంత డబ్బు. చిట్టాలో ఉండి బ్యాంకులో లేనివి ఇంకా మారని చెక్కులు.

తరువాత ఆవర్జాలో బాకీదారుల పేజీలు తిరగేసి, తొంభై రోజులు దాటిన బాకీలను ఒక కాగితం మీద రాసుకోండి. ఈ జాబితా పన్ను కోసం కాదు, మీ కోసం. లాభం కాగితం మీద కనిపిస్తూ చేతిలో డబ్బు ఆడకపోతే కారణం ఎక్కువగా ఈ జాబితాలోనే ఉంటుంది.

కంపెనీలకు సరుకో, సేవో ఇచ్చేవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకోవాలి. ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగే సైట్లను నమ్మవద్దు. తయారీ లేదా సేవల రంగంలోని సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోగలరు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే అవతలివారి అకౌంట్స్ విభాగం మీ బిల్లును పక్కన పడేయదు.

4. బిల్లు రాసే తీరు

జీఎస్టీ ఉన్నవారి బిల్లులో మీ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాని వరుస సంఖ్య, తేదీ, సరుకు వివరం, హెచ్ఎస్ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే సంఖ్య), విలువ, కేంద్ర, రాష్ట్ర పన్నులైన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా ఉండాలి. వరుస సంఖ్య 16 అక్షరాలకు మించరాదు. కొనేవారికి జీఎస్టీ ఉంటే వారి నంబరును వారు చెప్పగా రాసుకోవడం కన్నా, జీఎస్టీ పోర్టల్‌లో వెతికి పేరు సరిపోయిందో లేదో చూసి రాయాలి. ఒక్క అక్షరం తప్పినా క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) వారికి చేరదు.

200 రూపాయల లోపు చిల్లర అమ్మకాలకు, కొనేవారు జీఎస్టీ లేనివారై బిల్లు అడగకపోతే, రోజు చివర మొత్తానికి కలిపి ఒకే బిల్లు రాయవచ్చు.

కాంపోజిషన్‌లో (అమ్మకం మీద చిన్న శాతంగా పన్ను కట్టే పథకంలో; 6వ భాగం చూడండి) ఉన్నవారు పన్ను బిల్లు కాదు, సప్లై బిల్లు ఇవ్వాలి. అందులో పన్ను విడిగా వసూలు చేయరాదు. తాము కాంపోజిషన్‌లో ఉన్నామని, పన్ను వసూలు చేసే అర్హత లేదని బిల్లు పైభాగాన రాయాలి. రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు.

5. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమా అని తేల్చుకోవడం

ఇక్కడ రెండు తెలుగు రాష్ట్రాలకు తేడా ఉంది. సరుకు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణలో సరుకుకైనా 20 లక్షలే. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు.

40 లక్షల పరిమితి కేవలం సరుకు అమ్మేవారికే వర్తిస్తుంది. మన వైండింగ్ షాపు గుంటూరు జిల్లాలో ఉన్నా సరే, కూలీ అన్నది సేవ కాబట్టి దాని పరిమితి 20 లక్షలే. ఎలక్ట్రికల్ షాపులు, మొబైల్ షాపులు, ఏసీ అమ్మి బిగించేవారు ఈ విషయం తెలియక 40 లక్షల దాకా నిశ్చింతగా ఉంటారు.

మొత్తం టర్నోవరు (ఏడాది అమ్మకం) లెక్కించేటప్పుడు:
- ఒకే పాన్ మీద దేశంలో ఎక్కడెక్కడ వ్యాపారం ఉన్నా అన్నీ కలపాలి.
- పన్ను మినహాయింపు ఉన్న సరుకు అమ్మకమూ కలపాలి. అయితే మినహాయింపు సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషనే అవసరం లేదు.
- అందులో జీఎస్టీ మొత్తాన్ని కలపనవసరం లేదు.

వేరే రాష్ట్రానికి పన్ను వర్తించే సరుకు అమ్మేవారికి సాధారణంగా పరిమితితో పని లేదు, మొదటి అమ్మకానికే రిజిస్ట్రేషన్ కావాలి. సేవలు అందించేవారికి మాత్రం వేరే రాష్ట్రంలో ఖాతాదారులున్నా 20 లక్షల పరిమితి వర్తిస్తుంది. విదేశీ కంపెనీలకు పని చేసే డిజైనర్లు, సాఫ్ట్‌వేర్ పనివారు పరిమితి దాటి రిజిస్టర్ అయ్యాక, పన్ను కట్టకుండా ఎగుమతి చూపడానికి ఏటా ఎల్‌యూటీ (హామీ పత్రం) దాఖలు చేయాలి. కొత్త ఆర్థిక సంవత్సరంలో మొదటి బిల్లు రాసే ముందే అది పూర్తి కావాలి.

పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మార్చి ఆఖరుకు లెక్క వేద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. చిట్టా ప్రతి నెల చివరి పేజీలో ఏప్రిల్ నుంచి ఆ నెల దాకా మొత్తం అమ్మకం ఒక్క వరుసలో రాసుకుంటే ఏ నెలలో దాటబోతున్నారో ముందే తెలుస్తుంది.

6. రెగ్యులరా, కాంపోజిషనా?

కాంపోజిషన్‌లో సరుకు వ్యాపారులు, తయారీదారులు టర్నోవరు మీద 1 శాతం, రెస్టారెంట్లు 5 శాతం కడతారు; టర్నోవరు పరిమితి 1.5 కోట్లు. ఈ పథకంలో ఉంటూ చేయగల సేవలకు హద్దు ఉంది: గత సంవత్సరపు టర్నోవరులో 10 శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే అది. సేవలు అంతకు మించితే, 50 లక్షల టర్నోవరు వరకు 6 శాతం పథకం ఉంది. ఇవన్నీ మీ జేబు నుంచి కట్టేవే, కొనుగోలు మీద కట్టిన పన్ను తిరిగి రాదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

"1 శాతమే కదా" అని కాంపోజిషన్‌కు వెళ్లేవారు, "క్రెడిట్ పోతుంది" అని, అమ్మకం మీద పూర్తి పన్ను లెక్కించి క్రెడిట్ తీసుకునే రెగ్యులర్‌కు వెళ్లేవారు ఇద్దరూ లెక్క వేయకుండానే నిర్ణయిస్తున్నారు. వేసి చూద్దాం.

తెలంగాణలో 18 శాతం సరుకు మాత్రమే అమ్మే ఒక షాపు. ధర పన్నుతో కలిపే చెబుతారు. ఏడాది అమ్మకం 28 లక్షలు, కొనుగోలు పన్నుతో కలిపి 23.6 లక్షలు. రెగ్యులర్‌లో అమ్మకంలో ఉన్న పన్ను సుమారు 4.27 లక్షలు, కొనుగోలు క్రెడిట్ 3.6 లక్షలు, కట్టవలసినది సుమారు 67,000. కాంపోజిషన్‌లో 1 శాతం, అంటే 28,000. కొనేవారంతా ఇళ్లవారు, రైతులు అయితే కాంపోజిషనే మేలు.

ఇప్పుడు మన వైండింగ్ షాపు. అదే 28 లక్షలు, కానీ అందులో కూలీ 8 లక్షలు. సేవ 5 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం పథకం దొరకదు. 6 శాతం అంటే 1,68,000. రెగ్యులర్‌లో కొనుగోలు పన్నుతో కలిపి 17.7 లక్షలైతే క్రెడిట్ 2.7 లక్షలు, కట్టవలసినది సుమారు 1,57,000. అంకెలు దగ్గరగానే ఉన్నాయి. ఈ స్థితిలో నేను రెగ్యులర్‌నే ఎంచుకోమంటాను. రైసు మిల్లులు, అపార్ట్‌మెంట్ సంఘాలు, కాంట్రాక్టర్లు పన్ను బిల్లు అడుగుతారు. ఇవ్వలేని షాపు దగ్గర పెద్ద పనులు నిలవవు.

మీ షాపుకు ఇదే లెక్క వేయడానికి కావలసినవి నాలుగు అంకెలే: సరుకు అమ్మకం, సేవల ఆదాయం, పన్ను బిల్లుతో చేసిన కొనుగోలు, కొనేవారిలో జీఎస్టీ ఉన్నవారి వాటా. కాంపోజిషన్‌లోకి మారదలచినవారు రాబోయే సంవత్సరానికి మార్చి 31లోపే పోర్టల్‌లో ఎంపిక చేసుకోవాలి.

7. దరఖాస్తు

దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. పేరు పాన్‌లో ఉన్నట్టే ఉండాలి, అద్దె ఒప్పందంలోని చిరునామా కరెంటు బిల్లులోని డోర్ నంబరుతో అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. దరఖాస్తులు వెనక్కు రావడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువ ఈ డోర్ నంబరు తేడాలే. కొందరిని వేలిముద్రల కోసం సేవా కేంద్రానికి పిలుస్తారు; మెయిల్ తరచూ చూసుకోండి. జీఎస్టీ ఉన్నవారికి అమ్మే సరుకు మీద పన్ను నెలకు 2.5 లక్షలు దాటదనుకునేవారు 2025 నవంబరు 1 నుంచి వచ్చిన సరళ పద్ధతిని ఎంచుకుంటే మూడు పని దినాల్లో నంబరు వస్తుంది.

నంబరు వచ్చాక చేయవలసినవి:
- 30 రోజుల్లోపు బ్యాంకు ఖాతా వివరాలు చేర్చాలి.
- సర్టిఫికెట్‌ను షాపులో కనిపించేలా పెట్టాలి, బోర్డు మీద నంబరు రాయించాలి.
- పోర్టల్‌లో మీ సొంత ఫోన్, మెయిల్ ఉండాలి. ఫైలింగ్ చేసిపెట్టేవారి నంబరు ఇస్తే నోటీసులు వారికి వెళతాయి, మీకు తెలియవు.

8. రిటర్నుల వరుస

ఐదు కోట్లలోపు టర్నోవరు ఉన్నవారు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే క్యూఆర్ఎంపీ పద్ధతి ఎంచుకోవచ్చు.

- నెలవారీ పద్ధతి: జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) మరుసటి నెల 11న, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క, చెల్లింపు) 20న.
- క్యూఆర్ఎంపీ: జీఎస్టీఆర్-1 త్రైమాసికం తరువాతి నెల 13న, 3బీ తెలుగు రాష్ట్రాల్లో 22న. మొదటి రెండు నెలలకు పన్ను చలానా మరుసటి నెల 25లోపు.
- కాంపోజిషన్: సీఎంపీ-08 (పన్ను చెల్లింపు పత్రం) త్రైమాసికం తరువాతి నెల 18న, వార్షిక జీఎస్టీఆర్-4 జూన్ 30న.

క్యూఆర్ఎంపీలో ఉన్నవారు జీఎస్టీ ఉన్న ఖాతాదారులకు ఇచ్చిన బిల్లులను మొదటి రెండు నెలల్లో కూడా 13లోపు ఐఎఫ్ఎఫ్ అనే పోర్టల్ సదుపాయంలో ఎక్కించవచ్చు. తప్పనిసరి కాకపోయినా ఎక్కించండి. లేకుంటే మీ ఖాతాదారుకు క్రెడిట్ మూడు నెలలు ఆగుతుంది, ఆ మాట మీరే పడాలి.

వ్యాపారం లేని నెలకు కూడా రిటర్ను వేయాలి. పన్ను లేని 3బీని 14409 నంబరుకు ఎస్ఎంఎస్ పంపి కూడా దాఖలు చేయవచ్చు. ఆలస్యమైతే 3బీకి రోజుకు 50 రూపాయలు, పన్ను లేకుంటే 20 రూపాయలు పడతాయి, 1.5 కోట్ల టర్నోవరు వరకు ఒక్కో రిటర్నుకు గరిష్ఠం 2,000, పన్ను లేని రిటర్నుకు 500. ఆలస్యంగా కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరు. డబ్బు సర్దుబాటు కాక రిటర్ను ఆపేవారికి ఒక సలహా: పోర్టల్‌లోని నగదు లెడ్జరులో కొంచెం కొంచెంగా ముందే చలానా కడుతూ ఉండండి. గడువు తేదీన మొత్తం ఒకేసారి వెతుక్కోవలసిన అవసరం తప్పుతుంది.

9. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేటప్పుడు

కొనుగోలు బిల్లు చేతిలో ఉంటే చాలదు. అమ్మినవారు దానిని తమ జీఎస్టీఆర్-1లో చూపాలి, అది పోర్టల్‌లో ప్రతి నెల 14న తయారయ్యే మీ క్రెడిట్ల జాబితా అయిన జీఎస్టీఆర్-2బీలో కనిపించాలి. నాకు తెలిసిన ఒక పంపుసెట్ల షాపాయన టోకు వ్యాపారి బిల్లులన్నీ జాగ్రత్తగా దాచి, వాటి ప్రకారం ఏడాదంతా క్రెడిట్ తీసుకున్నారు. టోకు వ్యాపారి రిటర్నులే వేయలేదు. పన్ను, వడ్డీ కలిపి ఆయన చేతి నుంచి పడింది. సరుకుకు, పన్నుకు డబ్బు ఒకసారి ఇచ్చి, పన్ను మళ్లీ కట్టవలసి వచ్చిన ఆయన బాధ ఎవరికీ రాకూడదు.

వరుస ఇలా పాటించండి:
- 15వ తేదీన 2బీ దింపుకుని, కొనుగోలు ఫైలులోని ప్రతి బిల్లుకు టిక్ పెట్టాలి.
- కనిపించని బిల్లుల జాబితాను అమ్మినవారికి ఆ రోజే పంపాలి. తరువాతి సరుకు డబ్బులో ఆ పన్ను మేరకు ఆపుతానని ముందే మాట అనుకోవాలి.
- సరఫరాదారుకు 180 రోజుల్లోపు డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కు ఇవ్వాలి. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు.
- ఒక సంవత్సరపు బిల్లుకు క్రెడిట్ మరుసటి సంవత్సరం నవంబరు 30 దాటాక దొరకదు.

షాపు అద్దె విషయం చాలామంది మరచిపోతారు. ఇంటి యజమానికి జీఎస్టీ లేకపోయి, మీరు రెగ్యులర్‌లో ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి వ్యాపార స్థలం అద్దె మీద 18 శాతం పన్ను మీరే రివర్స్ చార్జ్ కింద నగదుగా కట్టాలి. అదే మొత్తం మీకు క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి నష్టం ఉండదు, కానీ చూపకపోతే నోటీసు వస్తుంది. కాంపోజిషన్ వారికి ఇది 2025 జనవరి 16 నుంచి వర్తించదు.

10. నగదు విషయంలో దాటకూడని గీతలు

- ఒకే వ్యక్తికి ఒకే రోజున 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చు, అంచనా లాభం కాక అసలు లాభం మీద పన్ను కట్టేవారి లెక్కలో చెల్లదు. లారీ కిరాయి వంటి రవాణా చెల్లింపులకు ఇది 35,000.
- ఒక వ్యక్తి నుంచి ఒక రోజున, లేదా ఒకే లావాదేవీకి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు.
- 20,000 లేదా అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు, నగదుగా తీర్చకూడదు. తీసుకుంటే ఆ మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. చేబదులైనా ఇదే నియమం. స్నేహితుడైనా సరే, బ్యాంకు ద్వారా పంపమనండి.

11. ఆదాయపు పన్ను

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి. అందరి నోట నానినవి పాత సంఖ్యలే కాబట్టి ఇక్కడ వాటినే వాడుతున్నాను.

44ఏడీ కింద 2 కోట్ల టర్నోవరు వరకు, నగదు వసూలు 5 శాతం దాటకపోతే 3 కోట్ల వరకు, అంచనా లాభం చూపవచ్చు: బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకం మీద కనీసం 6 శాతం, నగదు మీద కనీసం 8 శాతం. మన షాపు 28 లక్షల్లో 18 లక్షలు బ్యాంకు ద్వారా, 10 లక్షలు నగదుగా వస్తే 1,08,000, 80,000 కలిపి 1,88,000 కనీస లాభం. కమిషన్ ఏజెంట్లకు ఈ పథకం లేదు.

ఇది కనీసం మాత్రమే. చిట్టా ప్రకారం నిజంగా ఐదు లక్షలు మిగిలితే ఐదు లక్షలే చూపాలి. తక్కువ చూపి, తరువాత ఇల్లు కట్టుకోవడానికి రుణం కోసం వెళ్లి, ఆదాయం చాలదని తిరిగి వచ్చినవారిని చూశాను. 2025-26కు కొత్త పన్ను విధానంలో 12 లక్షల మామూలు ఆదాయం వరకు రిబేటు వల్ల పన్ను సున్నా అవుతున్నప్పుడు, తక్కువ చూపి సాధించేది కూడా ఏమీ లేదు.

డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, సాంకేతిక సలహాదారుల వంటి వృత్తులవారికి 44ఏడీఏ ఉంది. వసూలు 50 లక్షల వరకు, నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల వరకు, అందులో కనీసం సగం ఆదాయంగా చూపాలి. వీరిలో చాలామంది పొరపాటున 44ఏడీ ఎంచుకుని 6 శాతం చూపి ఇబ్బంది పడతారు.

గుర్తుంచుకోవలసినవి:
- 44ఏడీలో ఒకసారి ఉండి ఐదేళ్లలోపు బయటకు వస్తే, తరువాత ఐదేళ్లు తిరిగి రాలేరు.
- ఏడాది పన్ను 10,000 లేదా అంతకు మించితే, అంచనా పథకాల వారు ముందస్తు పన్ను మొత్తం మార్చి 15లోపు ఒకే విడతలో కట్టాలి.
- ఆదాయం తక్కువైనా, వ్యాపార టర్నోవరు 60 లక్షలు లేదా వృత్తి వసూళ్లు 10 లక్షలు దాటితే రిటర్ను తప్పనిసరి.
- రిటర్ను వేసే ముందు ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరిట నమోదైన లావాదేవీలు, పన్ను కోతలు చూపే ఏఐఎస్, 26ఏఎస్ రెండూ దింపుకుని, కంపెనీలు మీ పేరిట పట్టిన టీడీఎస్ (చెల్లింపులో ముందే కోసిన పన్ను), జీఎస్టీలో మీరు చూపిన టర్నోవరు మీ లెక్కతో కలుస్తున్నాయో చూడాలి.

మార్చి 31 సాయంత్రం షాపులో ఉన్న సరుకును లెక్కపెట్టి కొన్న ధరకు విలువ కట్టండి. అంచనా పథకంలో ఉన్నవారు కూడా ఇది చేయాలి. సరుకు నిల్వ తెలియకుండా నిజమైన లాభం తెలియదు.

12. మిగిలిన అనుమతులు

- షాపులు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ రిజిస్ట్రేషన్
- పురపాలక సంఘం లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు
- వృత్తి పన్ను: ఏడాదికి గరిష్ఠంగా 2,500
- తినే సరుకు తయారుచేసినా, అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) అనుమతి
- పదిమంది పనివారుంటే ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్

13. తప్పు జరిగితే, నోటీసు వస్తే

జీఎస్టీఆర్-1లో తప్పు పడితే, ఆ నెల 3బీ వేయకముందైతే జీఎస్టీఆర్-1ఏలో సరిచేయవచ్చు. వేశాక తెలిస్తే తరువాతి నెల జీఎస్టీఆర్-1లోని సవరణ పట్టికలో మార్చాలి. కూలీకి పన్ను వేయడం మరచిపోయినా, అరువు అమ్మకం వదిలేసినా శాఖ అడగకముందే వడ్డీతో కట్టేయండి. అడిగాక కడితే జరిమానా చర్చ మొదలవుతుంది.

కొనేవారు సరుకు తిప్పి పంపితే బిల్లును కొట్టివేయకూడదు, క్రెడిట్ నోటు రాయాలి. బిల్లు పుస్తకంలో రద్దయిన బిల్లు రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉండాలి, చింపితే వరుస తెగుతుంది.

నోటీసు వచ్చిందని ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగితే కట్టవద్దు. పోర్టల్‌లో లాగిన్ అయి, నోటీసులు, ఆదేశాలు ఉండే చోట, అదనపు నోటీసుల విభాగంలో కూడా చూడండి. అక్కడ ఉంటే అది ఏ నెలకు, ఏ అంకెల తేడాకు వచ్చిందో ముందు రాసుకోండి. తరువాత ఆ నెల చిట్టా మొత్తం, 3బీ, 2బీ, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ పుట్టిందో ఒక కాగితం మీద పట్టికగా వేయండి. రెగ్యులర్ రిటర్నుల తేడాల మీద వచ్చే ఏఎస్ఎంటీ-10 నోటీసుకు సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. పట్టికను, సంబంధించిన బిల్లుల ప్రతులను జవాబుతో పాటు పోర్టల్‌లోనే ఎక్కించి, వచ్చిన ఏఆర్ఎన్ నంబరు ఉన్న రసీదును ముద్రించి ఆ సంవత్సరపు ఫైలులో పెట్టండి. ఆ ఫైలును, పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల వరకు పారేయకూడదు.